వానలో డేవిడ్ కాక్స్ వెనకాల, డ్రాయింగు మాస్టారుతో

బర్మింగ్‌హామ్‌లో మేముండే పేట పేరు హార్బోర్న్. ఎనిమిదేళ్లుగా సెయింట్ పీటర్స్ చర్చి పక్కనుంచి సరుకుల సంచులతో నడుస్తూనే ఉన్నాను గాని, లోపల సమాధుల మీద ఎవరి పేర్లున్నాయో ఏనాడూ చూళ్లేదు. చూసింది మా మావయ్య. అమలాపురం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై రెండేళ్లు డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఎక్కడికెళ్లినా అక్షరాలు చదవకుండా ఉండలేరు. చదివాక అక్షరం వంకర ఎక్కడుందో చెప్పకుండా అస్సలు ఉండలేరు.

"అమ్మాయ్, డేవిడ్ కాక్స్ అంట. ఆర్టిస్టంట. 1859లో పోయాడు. మీ ఊరివాడేనా?"

"ఏమో మావయ్యా, నాకు తెలీదు."

"ఎనిమిదేళ్లు ఇక్కడుండి ఏం చేశారే మీరు?"

ఆ ఒక్క మాటకి ఆగస్టు చివరి వారంలో మా నాలుగు రోజుల ప్రయాణం తేలింది. మావయ్య, నేను, పదేళ్ల మావాడు. మావారికి ఆస్పత్రి డ్యూటీలు కాబట్టి తప్పించుకున్నారు.

కాక్స్ 1783లో ఈ ఊళ్లోనే, డెరిటెండ్‌లో పుట్టాడు. తండ్రి కమ్మరి. చిన్నప్పుడు కాలు విరిగి మంచం పట్టినప్పుడు ఎవరో ఒక రంగుల పెట్టె ఇచ్చారు, ఇక కొలిమి వైపు పోలేదు. మొదట లాకెట్ల మీదా నస్యం డబ్బాల మీదా చిన్న బొమ్మలు వేసే ఒకాయన దగ్గర పనికి కుదిరాడు. ఆ గురువు ఉరేసుకుని చనిపోవడంతో అదీ ఆగింది. తర్వాత బర్మింగ్‌హామ్ నాటకశాలలో తెరలకి రంగులు వేశాడు. 1804లో లండన్ చేరి, నీటిరంగు బొమ్మల్ని ఒక వ్యాపారికి డజను రెండు గినీల (గినీ అంటే పౌండు కంటే కాస్త ఎక్కువ) లెక్కన అమ్ముకున్నాడు. "అరటిపళ్లలాగానా?" అన్నారు మావయ్య. జాన్ వార్లీ అనే పేరున్న చిత్రకారుడి దగ్గర పాఠాలకి వెళ్తే, వీడి చెయ్యి చూసి ఆయన ఫీజు తీసుకోవడం మానేశాడట. అక్కడితో కష్టాలు తీరాయనుకోకండి. 1810లో కొందరు నీటిరంగు చిత్రకారుల సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. రెండేళ్లకి సంఘం దివాలా తీసింది. ప్రదర్శన హాలు యజమాని అద్దె బాకీ కింద బొమ్మలన్నీ జప్తు చేసుకున్నాడు. అందులో మనవాడివీ పోయాయి.

మొదటి రోజంతా ఊళ్లోనే. గ్రీన్‌ఫీల్డ్ రోడ్డులో ఆయన 1841 నుంచి చివరిదాకా కాపురమున్న ఇల్లు ఇంకా ఉంది. అది ఎవరి సొంతిల్లో కాబట్టి రోడ్డు మీద నుంచి చూసి వచ్చెయ్యడమే, గేటు ముందు నిలబడి ఫొటోలు దిగకండి. బస్సెక్కి సెంటర్‌లో బర్మింగ్‌హామ్ మ్యూజియంకి వెళ్లాం. టికెట్ లేదు. కరెంటు పనుల కోసం చాలాకాలం మూసి, 2024 నుంచి విడతలవారీగా తెరుస్తున్నారు కాబట్టి ఏ గది తెరిచుందో చూసుకుని వెళ్లండి. కాక్స్ నూనెరంగుల బొమ్మలు వీళ్ల దగ్గర పెద్ద మొత్తంలోనే ఉన్నాయి. స్క్రూల ఫ్యాక్టరీ యజమాని నెటిల్‌ఫోల్డ్ నుంచి 1882లో వచ్చినవి. నీటిరంగుల సంగతి వేరు. కాగితం మీది రంగు వెలుగుకి వెలిసిపోతుంది, అందుకని వాటిని ఎప్పుడూ గోడకి ఉంచరు, కొన్నాళ్లు చూపించి మళ్లీ చీకటి పెట్టెల్లో పెట్టేస్తారు. ముందుగా రాసి అడక్కుండా వెళ్లడం నా తప్పు. మావయ్య మాత్రం విసుక్కోలేదు. "కరెక్టే. నా బొమ్మలన్నీ వరండాలో పెట్టి పాడుచేసుకున్నాను" అన్నారు.

రెండో రోజు కారు. హియర్‌ఫోర్డ్ వెళ్దామా, వేల్స్ వెళ్దామా అని చిన్న చర్చ జరిగింది. 1814 నుంచి 1827 దాకా కాక్స్ హియర్‌ఫోర్డ్‌లో ఉన్నాడు. అంతకు ముందు ఫార్నమ్‌లో ఒక మిలిటరీ కాలేజీలో డ్రాయింగు చెప్పే ఉద్యోగం వస్తే కొన్నాళ్లకే మానేసి, ఇక్కడ ఆడపిల్లల బడిలో ఏడాదికి 100 పౌండ్లకి కుదిరాడు. పాఠాలు చెప్పుకుంటూ, నీటిరంగుల్లో ప్రకృతి దృశ్యాలు వెయ్యడం ఎలాగో పాఠ్యపుస్తకం కూడా రాశాడు. ఈ ముక్క చెప్పగానే మావయ్య కారులో నిటారుగా కూర్చున్నారు. అప్పటిదాకా ఆయనకి కాక్స్ ఎవరో దొరగారు. "డ్రాయింగు మాస్టారా! పొద్దున్న పిల్లకాయల చేత కుండలూ కూజాలూ వేయించి, సాయంత్రం తన బొమ్మ వేసుకునేవాడన్నమాట." హియర్‌ఫోర్డ్ వదిలేశాం. బొమ్మలు లేకుండా ఉద్యోగం చేసిన ఊరు మాత్రం చూసి ఏం చేస్తాం అని తీర్మానం ఆయనే చేశారు.

ఏ5 రోడ్డు పట్టుకుంటే తిన్నగా వేల్స్‌లో కాక్స్ ఏటా వచ్చి బొమ్మలు వేసిన ఊరు, బెతుస్-ఎ-కోయిడ్‌లో దిగుతాం. వెల్ష్ భాషలో ఆ పేరుకి అడవిలో ప్రార్థనాలయం అని అర్థం. ఊరి ముందు ఇంజినీరు థామస్ టెల్‌ఫర్డ్ కట్టిన పోత ఇనుము వంతెన వస్తుంది. వాటర్లూ యుద్ధం జరిగిన 1815లోనే ఈ కమాను కట్టామని ఇనుములోనే పెద్దక్షరాలతో పోతపోశారు. కారు పక్కకి ఆపించి మావయ్య ఆ అక్షరాల ఎడం వేళ్లతో కొలిచారు. "ఒక్కటి కూడా తప్పలేదే" అన్నారు. ఈ ప్రయాణంలో ఆయన ఫస్ట్ క్లాస్ మార్కులిచ్చింది దానికొక్కదానికే.

ఇక బస సంగతి. సెలవుల వారం కావడంతో రాత్రికి 110 పౌండ్లు. నది పక్కన రాతి ఇల్లు, పైన రెండు గదులు, ఫొటోల్లో చూస్తే స్వర్గమే. పేరు చెప్పను. ఆగస్టు కాబట్టి హీటర్లు వెయ్యరట. బయట పదకొండు డిగ్రీలు, లోపల అంతకంటే గొప్పగా ఏమీ లేదు. పొద్దున్న ఏడున్నర దాటితే షవర్‌లో చన్నీళ్లే. నేను కిందికెళ్లి చెబితే "పాత ఇల్లు కదా" అన్నారు నవ్వుతూ. పాతదని తెలుసండీ, మరి 110 పౌండ్లు కొత్తవే ఇచ్చాం కదా! టిఫిన్‌లో మాంసం వద్దన్నామని రెండు పూటలూ బీన్స్, టోస్టు, పుట్టగొడుగు. లేవర్ బ్రెడ్ అని నల్లటి ముద్ద ఒకటి పెట్టారు. అది రొట్టె కాదు, సముద్రపు నాచు ఉడకబెట్టింది. మావయ్య గోంగూర అనుకుని పెద్ద ముద్ద తీసుకుని, మర్యాదకి మింగారు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, తడిసిన బట్టలు ఆరేసుకోవడానికి వెచ్చటి గది వేరే ఉంది. ఆ ఊళ్లో బస వెతికేటప్పుడు కిటికీలోంచి కొండ కనిపిస్తుందా అని కాదు, బట్టలారేసే గది ఉందా అని అడగండి. కాక్స్ వచ్చినప్పుడు 1868 నాటి రైలు కూడా లేదు. గుర్రపు బండిలో, తడిసిన కోటుతోనే వచ్చేవాడు. అదీ ఒకసారి కాదు, 1844 నుంచి 1856 దాకా ప్రతి ఏడూ.

ఆయన బస చేసిన రాయల్ ఓక్ ఇప్పటికీ హోటలే. మేం అక్కడ టీ తాగడానికే వెళ్లాం, ఉండటానికి మా బడ్జెట్ చాల్లేదు. కాక్స్ 1847లో ఈ సత్రానికి సైన్ బోర్డు రాశాడు. యుద్ధంలో ఓడిపోయిన రెండో చార్లెస్ రాజు 1651లో ఓక్ చెట్టెక్కి దాక్కున్నాడు, ఆ కథ మీదే ఇంగ్లండులో వందల సత్రాలకి ఈ పేరుంది. అప్పటికి కాక్స్ వయసు అరవై నాలుగు, లండన్‌లో పేరున్న చిత్రకారుడు. ఆ హోదాలో ఉన్నవాడు బోర్డు రాస్తే పరువు తక్కువ. నిచ్చెనెక్కి పని చేసుకుంటుంటే కింద రోడ్డు మీద వెళ్తున్న పాత శిష్యురాలు ఒకావిడ గుర్తుపట్టి, "కాక్స్ గారూ, మీరేనా?" అందనీ, ఈయన సిగ్గుతో చితికిపోయాడనీ ఒక కథ చెబుతారు.

మావయ్య కప్పు కింద పెట్టేశారు. ఆయన కూడా ఎండాకాలం సెలవుల్లో బట్టల కొట్లకీ, రైసు మిల్లులకీ బోర్డులు రాసేవారు. అది నాకు తెలుసు, ఆయనే ఎప్పుడూ చెప్పలేదు. "మన మల్లిబాబు పెళ్లి ఖర్చంతా బోర్డులదే" అన్నారు అప్పుడు. "నిచ్చెన మీద ఉండగా హెడ్మాస్టారు కింద నుంచి వెళ్తే మొహం గోడకి తిప్పుకునేవాణ్ణి. వెనక నుంచి ఎవరు గుర్తుపడతార్లే అని."

బోర్డు కథ అక్కడితో అవలేదు. రెండేళ్లకి కాక్సే మళ్లీ వచ్చి రంగులు సరిచేశాడు. తర్వాత వానకి పాడవకుండా దాన్ని లోపలికి చేర్చారు, అంచేత మావాడిలా బయట మెడ నొప్పి పుట్టేలా వెతక్కండి, లోపలికెళ్లి అడగండి. 1880లో సత్రం నడిపే ఆవిడ దివాలా తీస్తే, బోర్డు ఆవిడ సామానా, స్థలం సొంతదారుదా అని కోర్టుకెళ్లారు. తలుపులూ కిటికీల్లాగే అది కూడా ఆస్తిలో భాగమని తీర్పొచ్చి, స్థలం గల దొరసానికి దక్కింది. మావయ్య రాసిన బోర్డుల మీద ఇప్పుడు ఫ్లెక్సీలున్నాయి.

మూడో రోజు పొద్దున్నించీ వాన. మన తుఫాను వానలా మీద పడి కొట్టే రకం కాదు. ఉందా లేదా అన్నట్టుండి, అరగంటకి బనీనుదాకా దిగిపోతుంది. ల్లుగ్వీ నది మీద పాంట్-ఎ-పైర్ అని పాత రాతి వంతెన, దాని కింద బండల మీంచి నీళ్లు నురగలు కక్కుతూ దూకుతాయి. మామూలుగా అందరూ ఐస్‌క్రీములు తింటూ కూర్చునే బండలవి. ఆ రోజు మేం తప్ప ఎవరూ లేరు. మావయ్య గొడుగు నా చేతిలో పెట్టి, స్కెచ్ పుస్తకం తీసి కొండవైపు చూస్తూ నిలబడ్డారు. ఎదురుగా కొండ ఉంది, లేదు, మళ్లీ ఉంది. పైనించి మబ్బు దిగుతుంటే ముందు చెట్ల చివర్లు, తర్వాత మొదళ్లు, చివరికి గొర్రెలు కూడా మాయమయ్యాయి. ఓ క్షణం ఎక్కడో చీలిక వచ్చి ఒక్క పొలం మీద మాత్రం పసుపుపచ్చటి ఎండ పడింది. మళ్లీ మూసుకుపోయింది. పెన్సిలు కదిలేలోపు దృశ్యం మారిపోతోంది.

"ఇప్పుడర్థమైందే," అన్నారు. "ఫోన్లో ఆయన బొమ్మలు చూపించావు కదా, కుంచె దెబ్బలు తెగిపోయి, హడావుడిగా ఉన్నాయి, ఫినిషింగ్ లేదనుకున్నాను. ఇక్కడ ఫినిషింగ్ చేసేంత టైమేదీ?"

కాక్స్ కాలంలో విమర్శకులూ అదే మాట అన్నారు, ముతక పని అని. ఆయన జవాబు ఒక ఉత్తరంలో ఉంది: వాళ్లనుకుంటున్నట్టు ఇవి చోటుకి తీసిన నకళ్లు కావు, మనసు చేసిన పని, నా దృష్టిలో అదే ఎక్కువ అని. 1853లో పక్షవాతం వచ్చి చూపు దెబ్బతిన్నాక బొమ్మలు ఇంకా ముతకబారాయి. నాకైతే ఆ చివరివే ఇష్టం.

కాగితం గురించి చెప్పాలి. 1836 ప్రాంతంలో ఆయన చేతికి స్కాట్లాండు పొట్లాల కాగితం దొరికింది. కిరాణా కొట్లో సరుకులు చుట్టే రకం. గరుకుగా, అక్కడక్కడా నల్లటి నలకలతో ఉండేది. ఒక రీము తెప్పించాడు. వచ్చాక చూస్తే 280 పౌండ్ల బరువు, అంటే మన లెక్కలో నూట ఇరవై ఏడు కిలోలు! ధర 11 పౌండ్లు. ఇంత కాగితం ఏం చేసుకోనని ముందు బెంబేలెత్తినవాడు, చివరికి ఇంకా తెప్పించుకుని ఉండాల్సిందని బాధపడ్డాడు. ఆకాశంలో నలక వస్తే ఏం చేస్తారని అడిగితే, రెండు రెక్కలు పెడతాను, పక్షై ఎగిరిపోతుంది అనేవాడట. గరుకు కాగితం మీద రంగు నింపిన కుంచెని వేగంగా లాగితే గుంటల్లోకి రంగు దిగదు, అక్కడ కాగితం తెల్లగా మిగిలిపోతుంది. ఆ మిగిలిన తెలుపే వానలో మెరుపు. గొడుగు కింద, స్కెచ్ పుస్తకం అట్ట వెనక గరుకు వైపు మావయ్య ఇది చేసి చూపించారు. మూడు సార్లు కుదర్లేదు. నాలుగోసారి అట్ట మీద నిజంగానే వాన పడింది.

పాత చర్చి, సెయింట్ మైకేల్స్, రైల్వే స్టేషన్ వెనకాల ఉంది. తాళం వేసి ఉండొచ్చు, తియ్యకపోయినా వెళ్లండి. చుట్టూ ముసలి యూ చెట్లు, పట్టపగలే చీకటి. సత్రం వాళ్ల బంధువుల అమ్మాయి చనిపోతే కాక్స్ ఆ అంత్యక్రియలకి వెళ్లాడు. మునిమాపు వేళ ఈ చర్చి వైపు నడుస్తున్న జనాన్ని బొమ్మగా వేశాడు. దాని నూనెరంగు రూపం లండన్ టేట్ గ్యాలరీ వాళ్ల దగ్గరుంది. ఆ బొమ్మని ఫోన్లో పెట్టుకుని అదే దారిలో నడిచాం. మావయ్య ఒక్క ముక్క మాట్లాడలేదు. అత్తయ్య పోయి అప్పటికి పద్నాలుగు నెలలు.

స్వాలో ఫాల్స్ అని జలపాతం ఉంది, ఊరికి రెండు మైళ్లు. టికెట్ తీసుకుని గేటు తిప్పుకుని లోపలికి పోవాలి. మావాడికి నచ్చింది. నాకు మాత్రం, మన వైపు రంప జలపాతం చూసినవాళ్లకి ఇది అంత ముచ్చటెయ్యదనిపించింది. సమయం తక్కువైతే దీన్ని వదిలేసి వంతెన దగ్గరే ఇంకో గంట తడవండి. కొండల్లోకి తిరిగే షెర్పా బస్సులు బాగున్నాయి, పార్కింగ్ తలనొప్పి ఉండదు. పార్కింగ్ అంటే గుర్తొచ్చింది. ఒక కార్ పార్కులో మెషీన్ మా కార్డు తీసుకోలేదు, ఫోన్ యాప్‌తో కడదామంటే సిగ్నల్ లేదు, చిల్లర కోసం కొట్టుకెళ్లి వచ్చేసరికి అద్దం మీద చీటీ. అప్పీలు పెట్టాను, ఇంకా జవాబు లేదు. చిల్లర నాణేలు దగ్గరుంచుకోండి.

చివరి రోజు కారు బెతుస్‌లోనే వదిలి రైలెక్కాం. కాన్వీ లోయ రైలు, నది పక్కనే పాకుతూ లాండుడ్నో జంక్షన్‌కి పోతుంది. రోజుకి కొద్ది బళ్లే, వరదలొస్తే లైను మూసేసి బస్సులు వేస్తారు, టైము చూసుకోవాలి. నాలుగు రోజుల్లో పెట్టిన డబ్బుకి సరిపడా దక్కింది ఈ రైల్లోనే. కాన్వీలో దిగి, 1280లలో మొదటి ఎడ్వర్డ్ కట్టించిన కోటని బయట నుంచి చూసి, సముద్రం ఒడ్డున ఉన్న రిల్ అనే ఊరికి పోయాం.

రిల్‌లో చూడ్డానికేం లేదని అందరూ అంటారు. నిజమే. మూతపడ్డ కొట్లు, ఆటల మెషీన్లు, చిప్స్ కోసం మీదికొచ్చే సీగల్స్. కానీ ఇసకలోకి దిగితే గాలి మనిషిని నిలబడనివ్వదు. కాక్స్ డెబ్బై దాటాక 1854 ప్రాంతంలో ఇక్కడ వేసిన బొమ్మల్లో ఒకటి మాంచెస్టర్ గ్యాలరీ దగ్గరుంది. అందులో ఉన్నది ఇసక, ఆకాశం, చుక్కల్లాంటి మనుషులు, వాళ్ల గుడ్డలు ఎగరగొడుతున్న గాలి. అంతే. గాలిని వెయ్యడానికి గాలి తప్ప అన్నీ వెయ్యాలి అన్నారు మావయ్య తన క్లాసు గొంతుతో. దూరంగా సముద్రంలో గాలిమరలు వరసగా తిరుగుతున్నాయి. నా గొడుగు తిరగబడి, రెండు పుల్లలు విరిగి, చెత్తడబ్బాలోకి పోయింది.

నూనెరంగులు ఆయన ఎప్పుడు నేర్చాడో చెప్పడం మర్చిపోయాను. యాభై ఆరేళ్లప్పుడు, తనకంటే దాదాపు ముప్ఫై ఏళ్లు చిన్నవాడైన విలియం మ్యుల్లర్ దగ్గర కూర్చుని. డబ్బు మాత్రం బతికుండగా పెద్దగా చూళ్లేదు. గడ్డి కోతల బొమ్మ ఒకటి, నీటిరంగుదే, 50 గినీలకి ఇచ్చాడు. పోయిన పదహారేళ్లకి, 1875లో, అది 2,810 గినీలు పలికింది. ఈ లెక్క తిరుగు రైల్లో చెప్పాను. మావయ్య పట్టించుకోలేదు. ఆయన దృష్టంతా పులిహోర మీద ఉంది, మేం ఇంట్లోంచి తెచ్చుకున్నది అప్పటికి ఆఖరి డబ్బా.

తిన్నాక, బెతుస్ బేకరీలో బన్నులు కొన్న గోధుమరంగు కాగితం సంచి చింపి, దాని మీద కొండా వంతెనా గీయడం మొదలెట్టారు. కింద పచ్చిక వచ్చేచోట మావాడు చెంచాలోంచి ఆవకాయ నూనె ఒలకబోశాడు, రూపాయి బిళ్లంత మరక.

"తాతయ్యా, రెక్కలు పెట్టెయ్!"

"ఇంత లావు పక్షి ఎగరదురా" అని, మరకకి నాలుగు కాళ్లు, ఒక తల పెట్టారు. అక్కడి గొర్రెలకి గుర్తు కోసం వీపు మీద ఎర్రరంగు పూస్తారు కదా, అచ్చం అలాగే ఉంది.

ఆ సంచి ముక్క ఇప్పుడు మా ఫ్రిజ్ మీద అతికించి ఉంది. మావయ్య వెళ్లిపోయి మూడు వారాలైంది. నూనె ఇంకా పాకుతూనే ఉంది, గొర్రె రోజురోజుకీ లావవుతోంది. వంతెన దాకా వచ్చేసింది.